అట్ట మడత కింద ఉన్న పీఠిక గారికి

మహారాజశ్రీ భారత రాజ్యాంగ పీఠిక గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరే కాస్త ఇరుకులో ఉన్నారని జూన్‌లో పుస్తకాలకు అట్టలు వేస్తుంటే తెలిసింది. మా అమ్మాయి ఏడో తరగతి సోషల్ పుస్తకంలో మిమ్మల్ని అట్ట లోపలి వైపున అచ్చేశారు. బ్రౌన్ షీటు కత్తిరించి అంచు లోపలికి మడిచేసరికి, ఆ మడత సరిగ్గా మీ మీదకొచ్చింది. ఇంగ్లీషు మీడియం కదా, జస్టిస్, లిబర్టీ, ఈక్వాలిటీ, ఫ్రెటర్నిటీ అని పెద్దక్షరాలతో వరుస మొదట్లో ఉంటాయి. నాలుగూ మడత కిందికే పోయాయి. పైన స్టాప్లర్ పిన్ను కొట్టింది నేనే, క్షమించాలి. బయట లేబుల్ మాత్రం నిండుగా ఉంది: పేరు, క్లాసు, సెక్షన్, స్కూలు.

నేనేదో పొరపాటు చేశానని మొదట బాధపడ్డాను. తర్వాత స్కూలు వాళ్ల పద్ధతి చూశాక మనసు కుదుటపడింది. వాళ్లు ఏడాది పొడుగునా చేసే పనినే నేను ఒక్క సాయంత్రంలో చేశాను, అంతే.

స్కూలు పేరు చెప్పను. ఫీజు ఇంకో రెండు టర్ములు కట్టాలి. ఒక సోమవారం అమ్మాయి బాక్సులో కోడిగుడ్డు వేపుడు పెట్టాం. బాక్సు మూత తీయకుండానే ఇంటికొచ్చింది, పైన చిన్న చీటీ అంటించి: "క్యాంపస్‌లో వెజ్ మాత్రమే. ఇతరుల మనోభావాలను గౌరవించండి." ఆ ఇతరుల్లో మా పిల్ల ఎందుకు లేదో చీటీలో రాయలేదు, జాగా చాలలేదేమో. అదే వారం శుక్రవారం 'భిన్నత్వంలో ఏకత్వం' కార్యక్రమం. మా అమ్మాయికి నాగాలాండ్ వచ్చింది. ఈకల కిరీటం, పూసల దండలు, రంగురంగుల శాలువా, అద్దె 350 రూపాయలు, ఈక విరిగితే అదనం. స్టేజి మీద ప్రిన్సిపాల్ మేడమ్ తనే ఆ కిరీటం సరిచేసి ఫొటో దిగారు. నాగాలాండ్ వాళ్లు మధ్యాహ్నం ఏం తింటారో ఆ రోజు ఎవరూ అడగలేదు. అడిగితే కిరీటానికీ చీటీ అంటించాల్సి వచ్చేది.

ఒడిశా వేషం ఇంకో అబ్బాయికి ఇచ్చారు, డాన్స్ బాగా చేస్తాడని. నిజంగా ఒడిశా నుంచి వచ్చిన పిల్లాడు, టైల్స్ మేస్త్రీ కొడుకు, రెండో వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. వాడి తెలుగు యాసను క్లాసంతా వెక్కిరిస్తుందని మా అమ్మాయే చెప్పింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వీలు కల్పించడానికి ప్రయత్నించాలని మీ వెనకాల 350ఎ అని ఒక అధికరణ ఉంది, 1956లో చేర్చారు. ఇక్కడ పరిస్థితి ఏంటంటే, వాడికి ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు, స్కూల్లో ఆ రెండింటికీ పది రూపాయల ఫైన్.

పొద్దున ప్రార్థన సంగతి కూడా చెప్పాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థ అయినా సరే, మత బోధనకు గానీ ఆరాధనకు గానీ మైనర్ పిల్లల్ని రప్పించాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలని మీ 28వ అధికరణ మూడో క్లాజు అంటుంది. అడ్మిషన్ రోజు నేను పద్నాలుగు సంతకాలు చేశాను. బస్సు ఆలస్యమైతే అడగనని చేశాను, ఫీజు వెనక్కి అడగనని చేశాను, విహారయాత్రలో కాలు విరిగితే బాధ్యత నాదేనని చేశాను. ఈ ఒక్క సంతకం మాత్రం ఎవరూ అడగలేదు.

మీకు గుర్తుండే ఉంటుంది, 1985 జూలైలో కేరళలో ఒక స్కూలు ముగ్గురు తోబుట్టువులను బయటికి పంపింది. పది, తొమ్మిది, ఐదు తరగతుల పిల్లలు. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబం, దేవుణ్ణి తప్ప వేరే దేన్నీ కీర్తించకూడదని వాళ్ల నమ్మకం. జనగణమన వినిపిస్తే అందరితో పాటు లేచి బుద్ధిగా నిలబడేవారు, పాడేవారు కాదు. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11న, పాడి తీరాలని ఏ చట్టమూ లేదని, భావ స్వేచ్ఛ, మత స్వేచ్ఛ ఇచ్చే 19, 25 అధికరణలు వాళ్ల పక్షానే ఉన్నాయని చెప్పి తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం బోధిస్తుంది, మన రాజ్యాంగం ఆచరిస్తుంది, దాన్ని పలచన చెయ్యొద్దు అని ముగించారు. హాస్టల్ సాంబారు తిన్నవాళ్లకు పలచన అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఆ ముగ్గురూ నోరు తెరవకపోవడమే అప్పట్లో అంత పెద్ద సమస్య అయింది. మా స్కూల్లో నోరు తెరిస్తే సమస్య, అదీ బాక్సు ముందు.

మిమ్మల్ని మరీ దాచేశారని అనను. 2023లో తెలంగాణ పదో తరగతి సోషల్ పుస్తకానికి ఏకంగా అట్ట మీదే వేశారు. కాకపోతే సామ్యవాద, లౌకిక అన్న రెండు మాటలు అందులో లేవు. 1976 సవరణకు ముందున్న పాత ప్రతి తీసుకున్నారట, పొరపాటన్నారు. ఫ్యామిలీ ఫొటో ఫ్రేము కట్టించేటప్పుడు చివర నిలబడ్డ ఇద్దరు కోసుకుపోతుంటారు, అలాంటిదే అనుకుని సర్దుకుపోండి.

నిన్న రాత్రి మీకు కాస్త గాలి తగలనిద్దామని పుస్తకం తీశాను. పిన్ను సరిగ్గా ఫ్రెటర్నిటీ మీద దిగింది. కత్తెర మొనతో లేపబోతే పేజీ చిరిగేలా ఉంది. మా అమ్మాయి హోంవర్కులోంచి తలెత్తి చూసి, "వదిలెయ్ నాన్నా, ముందు పేజీ పరీక్షలో రాదు" అంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఏడు బి సెక్షన్ నాగాలాండ్ వాళ్ల నాన్న