మెనూల సంగతి తర్వాత, ముందు కీబోర్డు చూడండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత డెస్క్‌టాప్‌లకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. వరంగల్, కరీంనగర్ వైపు సొసైటీల్లో, బడుల్లో, డీటీపీ షాపుల్లో అలాంటివి ఇంకా నడుస్తూనే ఉన్నాయి. 4 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ ఉంటే వాటిమీద ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో డెబియన్ (ఒక ఉచిత లినక్స్), ఎంఎస్ ఆఫీస్ బదులు వాడే లిబ్రేఆఫీస్ ఇబ్బంది లేకుండా నడుస్తాయి. ఈ లినక్స్‌ను తెలుగులో పెట్టాలనగానే మెనూలన్నీ మార్చేసి చేతులు దులుపుకోవడం దగ్గరే పని చెడుతోంది.

టైపు చేసేవాళ్లకు మెనూ ఏ భాషలో ఉన్నా ఒకటే. పైగా అనువాదం అంతటా పూర్తికాలేదు. సగం తెలుగు, సగం ఇంగ్లిష్ మెనూ ఉంటే ఫోన్లో సాయం చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ తిప్పలే. కావలసింది వేళ్లకు అలవాటైన కీబోర్డు. ఏళ్లకేళ్లు అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో యాపిల్ లేఅవుట్ (కీల అమరిక) కొట్టినవాళ్లకు ప్రభుత్వ ప్రామాణిక లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్ అంటగడితే మర్నాడే విండోస్ తెచ్చిపెట్టమంటారు.

లినక్స్‌లో కీబోర్డులు మార్చే ఐబస్‌కు ఎం17ఎన్ ప్యాకేజీ జోడిస్తే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు యాపిల్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్లూ వస్తాయి. కొన్ని కీలు అనులో ఉన్నచోట ఉండకపోవచ్చు. తేడాలు ఒక కాగితం మీద ప్రింటు తీసి మానిటర్ పక్కన అంటిస్తే సరి. కీబోర్డుల జాబితాలో ఇంగ్లిష్‌నే మొదట ఉంచాలి. సిస్టమ్ కీబోర్డునే తెలుగు చేస్తే పాస్‌వర్డ్ గడిలోనూ తెలుగే పడి లాగిన్ కాదు.

లిబ్రేఆఫీస్ ఆప్షన్స్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌ను (తెలుగు లాంటి లిపుల కోసం ఉన్న సెట్టింగ్) ఆన్ చేసి తెలుగు ఎంచుకోవాలి. లిబ్రేఆఫీస్ ఇంగ్లిష్‌కు, తెలుగుకు ఫాంటునూ సైజునూ విడివిడిగా ఉంచుకుంటుంది. డిఫాల్ట్ స్టైల్‌లో రెండూ సరిచేయకపోతే ఒకే వాక్యంలో రెండు సైజులు కనిపిస్తాయి, తప్పేమో ఫాంటు మీద పడుతుంది. అందులోని స్ప్రెడ్‌షీట్ కాల్క్‌లో వరుస ఎత్తు బిగించి ఉంటే ఒత్తులు కింద తెగిపోతాయి. ఫైల్ పేర్లు కూడా పొట్టిగా ఉంచాలి. లినక్స్‌లో పేరుకు 255 బైట్లే హద్దు, ఒక్క ‘లక్ష్మి’కే 21 బైట్లు పోతాయి.

అసలు బరువు పాత ఫైళ్లది. అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్నాయి. ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే పిచ్చిగీతలే. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ జిల్లా అయింది. పాత లెటర్‌హెడ్‌లలో ఆ పేరు మారుద్దామని యూనికోడ్‌లో (ఇప్పుడు అన్నిచోట్లా వాడే అక్షరాల కోడ్) టైపు చేసి వెతికితే దొరకదు, ఎందుకంటే కంప్యూటర్ లెక్కన అక్కడ తెలుగే లేదు. మార్పిడి సాధనాలు ఉన్నాయి గానీ, ఫైల్‌ను ఉత్త టెక్స్ట్‌గా చేసి వాటిలో పోస్తే ఏ మాట ఏ ఫాంటులో ఉందో పోతుంది. అప్పుడు మధ్యలోని ఇంగ్లిష్ పేర్లు, సర్వే నంబర్లు కూడా తెలుగు ముక్కలవుతాయి. అను ఫాంటులో ఉన్న భాగాన్నే విడదీసి మార్చాలి. తర్వాత ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు మనిషే చూడాలి. లైసెన్సుల మీద మిగిలే డబ్బులో కొంత ఈ ప్రూఫు పనికి కేటాయించని ఆఫీసు ఆరు నెలల్లో మళ్లీ పాత దారే పడుతుంది.

రోజూ వాడే నమూనాలు, లెటర్‌హెడ్‌లు ముందు మార్చాలి, మిగతావి అవసరం వచ్చినప్పుడు చూసుకోవచ్చు. బయటి ఆఫీసులకు తుది కాపీ పీడీఎఫ్‌లోనే పంపాలి. అవతలివాళ్లు దిద్దాల్సి ఉంటే నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంటు రెండువైపులా వేసుకోవాలి, లేదంటే పేజీలు జరిగిపోతాయి. మార్పిడి ముగిసేదాకా అను ఉన్న పాత విండోస్ మెషీన్ ఒకటి ఇంటర్నెట్ తీసేసి మూలన ఉంచుకోవాలి.