పల్లె ఒక్కటే చాలదు

ప్రవాస చెక్ రచయితలు యుద్ధకాలంలో తమ జాతిని పల్లెటూరుగానే ఊహించుకున్నారని వాదించే ఒక వ్యాసం చదివాను; అది సగమే చెప్పింది. 1942 జూన్ 10న లిదిత్సే అనే చెక్ పల్లెలో నాజీలు 173 మంది మగవాళ్లను కాల్చేశారు. మరుసటి ఏడాది, లండన్‌లో ఉన్న చెక్ కవి విక్టర్ ఫిష్ల్ ఆ పల్లె మీద రాసిన దీర్ఘకవిత 'మృతగ్రామం' వచ్చింది. అయితే ఆ ఊరి మగవాళ్లలో చాలామంది దగ్గర్లోని క్లాద్నో పట్టణపు గనుల్లో, ఉక్కు కర్మాగారాల్లో పనిచేసేవాళ్లు. పచ్చని పొలాల బొమ్మలో ఈ కార్మికులు కనబడకుండా పోతారు.

మరో ప్రవాస చెక్ రచయిత ఎగోన్ హొస్తోవ్‌స్కీ 1943 నవల 'దాగిన చోటు'కు కేంద్రం పల్లె కాదు. ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఒక నేలమాళిగలో దాక్కున్న చెక్ ఇంజనీరు తన భార్యకు రాసుకుంటూ ఉంటాడు. ఫిష్ల్, హొస్తోవ్‌స్కీ ఇద్దరూ యూదులు, చెక్ భాషలో రాసినవాళ్లు. జాతి అంటే రక్తమేనని నాజీలు అంటున్న రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. వ్యాసంలో దీని ఊసే లేకపోవడం బాధగా ఉంది.