దానికి మంచిదండీ

మా గోదావరి డెల్టాలో వైద్యశాస్త్రం మొత్తం ఒక్క సర్వనామం మీద నడుస్తుంది. మునగకాడలు దానికి మంచివి, నాటుకోడి పుంజు దానికి మరీ మంచిది, జీడిపప్పు రాత్రి పాలల్లో నానబెట్టి పొద్దున్నే తింటే దానికి ఇక తిరుగులేదు. దేనికండీ అని అడిగారనుకోండి, చెప్పే ఆయన మీ భుజం మీద చెయ్యేసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "ఆయ్, అదేనండీ, దానికే" అంటాడు. పేరెత్తరు. అర్థం కానివాడూ ఉండడు. హైస్కూల్లో మాకు సంధులూ సమాసాలూ బెత్తంతో నేర్పిన తెలుగు మాస్టారు కూడా సర్వనామానికి ఇంత శక్తి ఉందని చెప్పలేదు.

ఈ శాస్త్రానికి శిఖరం గాడిద. నవ్వకండి, విషయం సీరియస్. ఒక ఆదివారం తెల్లవారుజామున కాలవ గట్టు మీద నడుస్తుంటే తాటాకు పాక దగ్గర పదిహేను మంది దాకా నిలబడి ఉన్నారు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు, మా వైపు అదే పెద్ద వింత. మా ఊళ్లో హెల్మెట్ పెట్టుకున్న మనిషిని నేను మొదటిసారి చూసింది అక్కడే, బండి దిగి క్యూలో నిలబడ్డాక కూడా తియ్యలేదు మహానుభావుడు. మిగిలినవాళ్లకి తువ్వాళ్లున్నాయి. తెలిసినాయన కనపడితే పలకరించాను, "నాక్కాదండీ బాబూ, మా మావయ్యకి నడుం పట్టేసింది" అన్నాడు. ఆ పక్కాయనకీ మావయ్యే, ఆ పక్కాయనకీ నడుమే. ఆ క్యూ చూస్తే జిల్లాలోని మావయ్యలందరికీ ఒకే రాత్రి నడుం పట్టేసినట్టుంది.

అవసరమొస్తే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడంటారు. ఆయన పట్టుకుని వదిలేశాడు, మనవాళ్లు తూకం వేయించి ఇంటికి తీసుకెళ్తున్నారు. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో తినదగిన జంతువుల జాబితాలో గాడిద లేదు, కాబట్టి దాన్ని మాంసం కోసం కోయడం, అమ్మడం నేరమే. కానీ జాబితా చదివి కూర వండుకునే ఇల్లు నేనైతే చూడలేదు. పశుగణన లెక్కల్లో 2012లో దేశం మొత్తం మీద 3 లక్షల పైచిలుకు గాడిదలుంటే 2019కి లక్షా పాతికవేల లోపుకొచ్చాయి, అంటే నూటికి 61 మాయం. పాపం మొత్తం మనదే కాదు లెండి. చాకిరేవుకీ ఇటుకబట్టీకీ వాటి అవసరం తగ్గిపోయింది, అటు చైనావాళ్లు గాడిద తోలు ఉడకబెట్టి మందు చేసుకుంటారు. తోలు వాళ్లకి, కండ మనకి. గాడిదకి మాత్రం తనలో ఇంత శక్తి ఉన్న సంగతి చివరిదాకా తెలియదు. జీవితమంతా మూటలు మోసి, తిట్టుగా బతికి, పోయేముందు మగతనానికి గుర్తయిపోయింది.

ఇక్కడ శాస్త్రపరంగా ఒక పొరపాటు జరిగిందని నా అనుమానం. ఆయుర్వేదం ఎనిమిది అంగాల్లో ఒకటి వాజీకరణం, వాజి అంటే గుర్రం. మనిషికి గుర్రమంత సత్తువ రావాలని పెద్దలు ఆ పేరు పెట్టారు. మా డెల్టాలో గుర్రాలు దొరకవు, పైగా ఖరీదు, అంచేత మనవాళ్లు అదే జాతిలో కాస్త చవకైన దాని దగ్గర సర్దుకున్నారు. చరక సంహిత చికిత్సాస్థానంలో రెండో అధ్యాయం అంతా ఇదే గొడవ: పాలు, నెయ్యి, మినుములు, రకరకాల మాంసాలు. పిచ్చుక మాంసం కడుపునిండా తిని పైన పాలు తాగమని కూడా ఉంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అనే సామెత వెనకాల ఇంత కథ ఉందని నేననుకోలేదు.

అయితే అదే అధ్యాయంలో చరకుడు ఇంకో మాట కూడా అన్నాడు, అన్ని వాజీకరణాల్లోకీ శ్రేష్ఠమైనది సంతోషం కలిగించే స్త్రీయేనని. ఆ ముక్క మాత్రం కాలవ గట్టు దాకా రాలేదు. కిలోల లెక్కన అమ్మడం కుదరదు కదా, అందుకనుకుంటా. పైగా ఆవిడ సంతోషంగా ఉండాలంటే ఏం పెట్టాలో ఏ పాకలోనూ చెప్పరు. చిత్రమేమిటంటే ఉల్లి, వెల్లుల్లి కోరికలు రేపుతాయని కొన్ని ఇళ్లల్లో వితంతువుల కంచంలోంచి తీసేసేవారు. అంటే ఆడవాళ్లకైతే తీసెయ్యడం, మగాళ్లకైతే మారు వడ్డించడం.

దూలగొండి సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. చిన్నప్పుడు దాని కాయ మీది నూగు దులిపి ఎవడి చొక్కాలోనో వేసి పారిపోయేవాళ్లం, వాడు సాయంత్రం దాకా గోక్కునేవాడు. ఆ గింజలు వాజీకరణంలో పెద్ద పేరున్న మందు, పార్కిన్సన్స్ జబ్బుకి డాక్టర్లు వాడే ఎల్‌-డోపా వాటిలో నిజంగానే ఉంటుంది. అంత మందున్న గింజని ఇంట్లో దంచి చెంచాల లెక్కన మింగేవాడికి ఇంకేదో దూల ఉందనుకోవాలి.

పులసకి ఈ జాబితాలో చోటివ్వాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఎర్రనీటి రోజుల్లో సముద్రంలోంచి గోదావరిలోకి ఎదురీదుకుంటూ అది వచ్చేదే గుడ్లు పెట్టుకోవడానికి. ఆ ప్రయాణం మీదున్న జీవాన్ని ధవళేశ్వరం చేరకుండానే వలేసి పట్టి, పుస్తెలమ్మి కొని, పులుసు పెట్టుకుని, దాని హుషారు మనకొస్తుందని ఎదురు చూస్తాం. పుస్తెలు అమ్మేశాక ఇంట్లో ఎంత హుషారుంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

నిజంగా పనిచేసే మాత్ర పుట్టింది గుండెనొప్పి మందు కోసం వెతుకుతుంటే. సిల్డెనాఫిల్ దాని పేరు, 1998 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది, అది చేసేదల్లా రక్తనాళాలు వదులయ్యేలా చూడటం. ఇప్పుడు తమాషా ఏమిటంటే, వంద శాతం వనమూలికలే అని డబ్బాల్లో అమ్మే కొన్ని పొడుల్లో కూడా చెప్పాపెట్టకుండా అదే కలుపుతున్నట్టు పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. గుండెకి నైట్రేటు మాత్రలు వాడే మావయ్య ఆ పొడి మింగితే బీపీ ఢామ్మని పడిపోతుంది. ఈ రకం ప్రకటనలు వెయ్యకూడదని 1954 నుంచీ చట్టం ఉంది, రైలు గేటు పక్క గోడల మీద పసుపు రంగు అక్షరాలకి ఆ కబురు ఇంకా అందలేదు. షుగరు, బీపీ, సిగరెట్టు, రాత్రంతా రొయ్యల చెరువు మీద ఏరియేటర్ల కాపలా, ఇవి మనిషిని ఎలా పడుకోబెడతాయో డాక్టరు గదిలో చెబితే వినం. అక్కడ సర్వనామం పనిచెయ్యదు మరి, ఆయన పేరు పెట్టి అడుగుతాడు.

ఇదంతా ఎవరి మీదో రాస్తున్నాననుకోకండి. నా పెళ్లైన మొదటి సంక్రాంతికి అత్తారింట్లో రెండు విస్తళ్లు కలిపేసి వడ్డించారు, అది చాలదన్నట్టు మా అత్తగారు స్టీలు డబ్బా నిండా సున్నుండలు తెచ్చి నా పక్కన పెట్టి, మొహం చూడకుండా "తినండి బాబూ, మంచిది" అని వెళ్లిపోయారు. సర్వనామం కూడా లేదు, అంత మర్యాద. పొట్టు మినుములు ఎర్రగా వేయించి విసిరిన పిండి, పాత బెల్లం, పేరిన నెయ్యి. డబ్బా మూత తీస్తే గదంతా కమ్మటి వాసన. నలుగురి ముందూ వెనక్కి తగ్గితే ఏమనుకుంటారోనని ఐదు తిన్నాను. ఆ రాత్రి పొట్ట డోలులా బిగిసిపోయి, డాబా మీద వాము నములుతూ రెండింటి దాకా తిరిగాను. మా ఆవిడ హాయిగా నిద్రపోయింది.

పొద్దున్నే చెబితే నవ్వి, "నేను పెద్దమనిషినైనప్పుడు మా అమ్మ రోజుకోటి ఇవే పెట్టేది, నడుం గట్టిపడాలని" అంది. అవే మినుములు, అదే బెల్లం, అదే డబ్బా కూడానట. ఆడపిల్లకైతే నడుముకి, అల్లుడికైతే దానికి.

మిగిలిన సున్నుండలు మా ఇంటికి పట్టుకొచ్చాం. నాలుగో రోజుకి డబ్బా సగం ఖాళీ. చూస్తే ఎనభై దాటిన మా మామ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని బోసినోటితో ఒకటి చప్పరిస్తోంది. "మామ్మా, అవి దేనికో తెలుసా?" అన్నాను.

"తెలీకేంరా, మోకాళ్లకి" అని ఇంకోటి తీసి కొంగున ముడేసుకుంది.