జీరో టికెట్ వెనక ఉన్న లెక్క

ఆడవాళ్లకు ఉచిత బస్సు వల్ల ఖజానాకు భారం తప్ప ఒరిగిందేమీ లేదని మీ వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలయ్యాక మా అమ్మ నెలకోసారైనా పల్లెవెలుగు ఎక్కి పిన్ని ఊరికి వెళ్లొస్తోంది. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బొడ్లో దోపుకుంటుంది. కండక్టర్ మిషన్ నొక్కితే సున్నా రూపాయల టికెట్ వస్తుంది. అది ఊరికే ఇచ్చే కాగితం కాదండీ, ఆ లెక్క ప్రకారమే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టాలి.

మీరు అడగాల్సింది ఇంకోటి. ఛార్జీ ఒక్క జీవోతో మారిపోయింది. బస్సులు అలా రావు కదా! కొనాలి, డ్రైవర్లను తీసుకోవాలి, డిపోల్లో చోటు ఉండాలి. ముందు ఛార్జీ తీసేసి తర్వాత బస్సుల కోసం వెతుక్కుంటే రద్దీ పెరగక ఏమవుతుంది?

ఆటోవాళ్లు గిరాకీ పోయిందని ధర్నాలు చేశారు. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇలాంటి ఉచిత బస్సే పెట్టాక, అక్టోబరులో ఆటో డ్రైవర్లకు 15 వేల చొప్పున సాయం ఇచ్చారు. ఆ మాత్రం ముందుచూపు ఇక్కడా ఉండాల్సింది. చీకటి పడితే మా అమ్మ ఇంటికి చేరేది ఇప్పటికీ ఆటోలోనే మరి.