రాగి సంగటికి స్థానికత సర్టిఫికెట్ ఉందా?

ఉద్యోగానికి స్థానికత కావాలి, కాలేజీ సీటుకి స్థానికత కావాలి. ఏ తరగతి ఎక్కడ చదివావో కాగితం చూపించకపోతే మనిషినే నమ్మని చోట, బోర్డు మీద "అసలు సిసలు రాయలసీమ రుచులు" అని రాస్తే మాత్రం కళ్లు మూసుకుని నమ్మేస్తున్నాం. ఇది అన్యాయం. అందుకే అనంతపురంలో పుట్టి హైదరాబాద్‌లో ఈఎంఐలు కట్టుకుంటున్న బాధ్యత గల సీమవాడిగా, మొన్న అలాంటి ఒక హోటల్లో కూర్చుని నేనే విచారణ మొదలుపెట్టాను.

ముందు రాగుల్ని పిలిచా. తీరా చూస్తే వీటి సొంతూరు తూర్పు ఆఫ్రికా, ఇథియోపియా కొండల వైపు! వచ్చి వేల ఏళ్లయింది, పైగా వానలు మొహం చాటేసినా అలగకుండా పండాయి కాబట్టి దయతలిచి పాస్ చేశా.

తర్వాత మిరపకాయ. మెనూలో "రాయలవారి కోడి పులుసు" అని ఉంది, ఎర్రగా, చూస్తేనే చెమట పట్టేలా. కృష్ణదేవరాయలు గద్దెనెక్కింది 1509లో. మిరపకాయ పుట్టింది అమెరికా ఖండంలో, మనకి తెచ్చింది పోర్చుగీసువాళ్లు, వాళ్లు గోవా పట్టుకున్నది 1510లో. అంటే రాయలవారి వంటింట్లో ఘాటంతా మిరియాలదే అయ్యుండాలి. మరి మాటకి ముందు "ఉప్పూ కారం తినట్లేదా?" అని రెచ్చగొట్టుకునే మనవాళ్లకి, ఆ ఓడ రాకముందు పౌరుషం ఎలా వచ్చేదో పెద్దలే చెప్పాలి.

మా సీమ రోటిపచ్చడి ఊరుబిండి కేసు ఇంకా దారుణం. అందులోని శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, టమాటా, మూడింటికి మూడూ అమెరికా ఖండం నుంచి దిగినవే. మన పిల్లలు గ్రీన్ కార్డు కోసం అక్కడ ఏళ్ల తరబడి పడిగాపులు కాస్తుంటే, వీళ్లు మాత్రం ఏ వీసా లేకుండా వచ్చి మా రోట్లో సెటిలైపోయారు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నది పాపం వంకాయకే. ఈ దేశంలోనే పుట్టింది. మెనూలో దాని పేరే లేదు.

ఇంతలో సంగటి వచ్చింది. రసగుల్లా అంత ముద్ద, పైన నెయ్యి చుక్క, పక్కన స్పూను. స్పూను! మా అవ్వ నూకలు మెత్తగా ఉడికాక పిండి కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, ఆ తర్వాత కుండని కాళ్ల మధ్య అదిమిపట్టి కట్టెతో కెలికేది. ఉండ కట్టకూడదు, అడుగంటకూడదు. తడి చేత్తో తిప్పి పళ్లెంలో వేస్తే, పులుసులో అద్దుకుని మింగడమే. నమిలితే పంటికి అతుక్కుంటుంది. పక్క టేబుల్ కుర్రాడు దాన్ని కేకులా కోసుకుని, ముక్కముక్కా నములుతూ "సో రస్టిక్" అన్నాడు. వెంటనే లేచి వెళ్లిపోదామనుకున్నా, కానీ నాటుకోడి బాగుంది.

బిల్లు చూశాక ఊళ్లో ఉన్న మా నాయనకి ఫోన్ చేశా. ఆయన చిన్నప్పుడు వరన్నం అంటే పండగ, లేదా ఇంటికి అల్లుడు రావాలి. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాక మా ఇంట్లో సంగటి కట్టె అటకెక్కింది. సంగటి పేరెత్తితే ఇప్పటికీ ఆయన మొహం మాడిపోతుంది.

"నాయనా, ఈరోజు సంగటి తిన్నా."

"ఏం రా, జీతం రాలేదా?"

"అది కాదు. హోటల్లో. రెండు వందల ఇరవై."

అటువైపు చాలాసేపు చప్పుడు లేదు.

"ఎన్ని ముద్దలు రా?"

"ఒకటే."

"అది వద్దనే కదరా నిన్ను సదివిచ్చింది" అని పెట్టేశాడు.