అయ్యకోనేరు గట్టు మీద నా చెప్పు

ఇవాళ కూడా కుక్క పెంట తొక్కాను. తెల్లారి మా విజయనగరం అయ్యకోనేరు గట్టు మీద నాలుగడుగులు వేద్దామని వెళ్తే కొత్త చెప్పు కాస్తా పాడైంది. వీధికుక్కదైతే దాన్నేటంటాం, నోరులేని జీవం. ఇది మెడకి బెల్టు కట్టుకుని షికారుకొచ్చిన పెంపుడు కుక్కది! దాని పని అది కానిస్తుంటే, అయ్యగారు ఫోన్ చూసుకుంటూ నిలబడ్డారు.

"ఏటి బాబూ, ఇలా వదిలేస్తే ఎలాగ?"

"ఊడ్చేవాళ్లొస్తారు లెండి."

పక్కనున్న పెద్దాయన సర్దుబాటొకటి, మట్టికి ఎరువేనట! ఆవు పేడా ఇదీ ఒకటేనా? కుక్క పెంటలోని ఏలికపాముల గుడ్లు మట్టిలో నెలల తరబడి బతికుంటాయి. కొంకిపురుగు పిల్లలైతే వట్టికాళ్ల చర్మంలోంచే దూరతాయి. పైడితల్లమ్మ సిరిమాను పండగ నాడు మూడులాంతర్ల నుంచి కోట దాకా చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లు ఎంతమందో!

జేబులో పాత కవరొకటి ఉంటే చాలు. చేతికి తొడుక్కుని ఎత్తడం, తిరగేసి ముడెయ్యడం, చెత్తడబ్బాలో పడెయ్యడం. అర నిమిషం. ఆ కుక్క అయ్యగారి ఇంటి ముందు మాత్రం రోజూ కళ్లాపి, ముగ్గు. నేను చూశాను కదా.

చెప్పు ఇంకా గుమ్మం బయటే ఉంది. పుల్లతో గీకుతున్నాను.