ఎల్3 ఎక్కడుందిరా?

వీడియో గేమ్‌లో ఆట నేర్పే మొదటి పాఠాన్ని, అంటే ట్యుటోరియల్‌ని దాటేసే స్కిప్ బటన్ ఎప్పుడూ అక్కర్లేని వాళ్ళకే దొరుకుతుంది. ఒకే సిరీస్‌లో మూడు ఆటలు పూర్తిచేసి నాలుగోది కొన్నవాడిని "నడవాలంటే స్టిక్ ముందుకు తోయండి" అంటూ అరగంట కూర్చోబెడతారు. చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ ముఖం ఎరగని మనిషిని మాత్రం "స్కిప్ చేస్తారా?" అని మహా మర్యాదగా అడుగుతారు. అడిగాక వద్దనేవాడెవడు? తెర మీద ఏం వచ్చినా చదవకుండా ఓకే కొట్టడం స్మార్ట్‌ఫోన్ మనకి చేయించిన అక్షరాభ్యాసం.

దాటడానికి వీల్లేని పాఠాల్లో పెద్దపీట 1999లో ప్లేస్టేషన్ అనే ఆటల మెషీన్‌కి వచ్చిన 'డ్రైవర్' ఆటకి వెయ్యాలి. కథ మొదలవ్వాలంటే ముందు అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌లో మన డ్రైవింగ్ చూపించాలి. అరవై సెకన్లు టైము. తెర మీద ఓ చిట్టా: బర్న్‌అవుట్, హ్యాండ్‌బ్రేక్ టర్న్, స్లాలమ్, 180, 360, రివర్స్ 180, స్పీడ్, బ్రేక్ టెస్ట్, ల్యాప్. తొమ్మిదీ అయితేనే తలుపు తెరుస్తారు. స్తంభాల మధ్య పాములా మెలికలు తిరుగుతూ పోవడమే స్లాలమ్ అని ఆ చిట్టా చెప్పదు. రివర్స్ 180 అంటే వెనక్కి వేగంగా పోతూ స్టీరింగ్ పూర్తిగా తిప్పి, బండి ముక్కు ఇటు తిరిగేలా చెయ్యాలనీ చెప్పదు. ఇది పాఠం కాదు, పరీక్ష. ఎల్‌ఎల్‌ఆర్ కూడా ఇవ్వకుండా తిన్నగా ఆర్టీవో ఆఫీసు వెనక మైదానానికి తీసుకెళ్ళి, ఎనిమిది వెయ్యి, పైగా రివర్స్‌లో వెయ్యి అన్నట్టు.

నిజానికి అందులో పెద్ద రహస్యమేం లేదు. తొమ్మిదింటినీ చిట్టాలో ఉన్న వరసలోనే చెయ్యక్కర్లేదు. కదలబోతూనే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిప్పే బర్న్‌అవుట్ కొట్టేస్తే ఒకటి పోతుంది. పొడుగ్గా ఖాళీ ఉన్న చోట స్పీడ్ అందుకుని, అక్కడికక్కడే బ్రేక్ తొక్కితే స్పీడూ బ్రేక్ టెస్టూ ఒకే పరుగులో అయిపోతాయి. పూర్తి చుట్టు తిరిగే 360కి మధ్యలో చోటు కావాలి. గోడ పక్కన మొదలుపెట్టారో, సగం తిరిగేసరికి బంపర్ గోడకి ముద్దు పెడుతుంది. స్లాలమ్‌కి వేగం తగ్గించుకుని స్తంభాల వరస పట్టుకోవాలి. ఇదంతా తెలిసేది పదోసారి ఓడాక.

ఇక్కడే మన ఊళ్ళ వీడియో గేమ్ పార్లర్లకి బ్రహ్మాండమైన బేరం. గంటకింతని డబ్బులు. ఆట ఎంతవరకు వచ్చిందో దాచిపెట్టేది మెమరీ కార్డు. అది మెషీన్‌కి లేకపోతే నిన్న గెలిచిన పరీక్షకి ఇవాళ సాక్ష్యం ఉండదు, కాబట్టి మళ్ళీ మొదటి నుంచీ. బళ్ళో ఎగ్గొట్టిన పరీక్ష ఇక్కడ డబ్బులిచ్చి రాస్తారన్నమాట. "అన్నా, ఇంకో అరగంట" అంటే "ముందు డబ్బులు తియ్యి" అనే అన్నకి ఆ గ్యారేజీ చేసినంత వ్యాపారం ఏ ఆటా చేసి ఉండదు. తెలివైన పిల్లలు కథ జోలికే పోకుండా ఊరికే బండి తిప్పుకునే 'టేక్ ఎ రైడ్'లోకి దూరి, ఊరంతా తిరిగి, పోలీసుల్ని వెంట తిప్పుకుని ఇంటికి పోయేవాళ్ళు.

సరే, అది దాటనివ్వని రకం. దాటనిచ్చే రకం చేసే నష్టం చూడాలంటే పండక్కి వచ్చిన బాబాయి చేతికి కంట్రోలర్ ఇవ్వాలి. "అవన్నీ మనకెందుకురా" అని స్కిప్ కొట్టేశాడు. ఇప్పుడు కంట్రోలర్ మీది రెండు చిన్న పుల్లల్లో, అంటే స్టిక్‌లలో, ఎడమ బొటనవేలితో నడక, కుడి బొటనవేలితో చూపు. కొత్తవాళ్ళకి రెండూ ఒకేసారి కదలవు. ఆగుతారు, చూస్తారు, నడుస్తారు, మళ్ళీ ఆగుతారు. ఈలోగా కుడి వేలు తెలియకుండా స్టిక్‌ని తోసిపెట్టి ఉంచడంతో కెమెరా ఆకాశం వైపు తిరిగిపోయి, వీరుడు మబ్బులు లెక్కపెడుతూ గోడకి నడుస్తుంటాడు. చూపు తలకిందులుగా పోతోందని బాబాయి గోల పెడితే సెట్టింగ్స్‌లో 'ఇన్వర్ట్ వై' తిప్పి చూడాలి. స్టిక్ పైకి తోస్తే కిందికి చూసే పద్ధతి కొందరికి హాయి, మిగతావాళ్ళకి కళ్ళు తిరుగుడు.

"ఏరా చిన్నా, ఎల్3 నొక్కమంటోంది. ఎల్1 ఉంది, ఎల్2 ఉంది. మూడోది ఎక్కడుందిరా?"

"ఎడమ స్టిక్కే బాబాయ్. దాన్ని లోపలికి నొక్కు."

"పుల్లని లోపలికి నొక్కడమేంట్రా, విరిగిపోదూ?"

విరగదు. కానీ స్టిక్‌ని నొక్కచ్చని ఎవరూ చెప్పకపోతే ఎవరికీ తట్టదు. చాలా ఆటల్లో పరుగు అక్కడే ఉంటుంది మరి. ఆ ఒక్క ముక్కా స్కిప్‌లో కొట్టుకుపోతే మిగతా ఆటంతా నడకే. వెనక రాక్షసుడు పరిగెత్తుకొస్తుంటే బాబాయి మాత్రం మార్నింగ్ వాక్‌లో ఉంటాడు.

'ఎక్స్ నొక్కండి' సంగతి ఇంకా చిత్రం. ప్లేస్టేషన్‌లో ఎక్స్ గుర్తు కింద ఉంటుంది, ఎక్స్‌బాక్స్‌లో ఎడమ పక్కన, నింటెండో స్విచ్‌లో పైన. కంప్యూటర్‌కి ప్లేస్టేషన్ కంట్రోలర్ తగిలించి, తెర మీద ఎక్స్‌బాక్స్ బొమ్మలు వచ్చే ఆట పెట్టారంటే, పాఠం పూర్తిగా విన్నవాడు కూడా తప్పే నొక్కుతాడు. మొదట ఆట సెట్టింగ్స్‌లో బటన్ బొమ్మలు మార్చే వీలుందేమో చూడండి. చాలామంది అది చూడకుండా పిల్లాడి తెలివిని శంకిస్తారు.

బటన్లు అలవాటైన చెయ్యికి ఇంకో రోగం, తొందర. 1998లో వచ్చిన 'జెల్డా: ఒకారినా ఆఫ్ టైమ్'లో గుడ్లగూబ ఒకటి దారికి అడ్డంగా వాలి ఉపన్యాసం ఇస్తుంది. విసుగెత్తి 'A' అని ఉన్న బటన్ టపటపా కొట్టుకుంటూ పోతాం. చివర్లో అది ఓ ప్రశ్న వేస్తుంది. కర్సరేమో మళ్ళీ చెప్పించే జవాబు మీదే ఉంటుంది. మన వేలు ఆగదు కదా, ఉపన్యాసం మళ్ళీ మొదలు. అదే సిరీస్‌లో 2011 నాటి 'స్కైవర్డ్ సోర్డ్' మరీ ఘోరం. నిన్న ఏరిన పురుగునే ఇవాళ కన్సోల్ (ఆటల మెషీన్) ఆన్ చేసి మళ్ళీ ఏరితే, ఇది ఫలానా పురుగు అని పరిచయం చేస్తుంది. 2021లో హెచ్‌డీగా మళ్ళీ తెచ్చినప్పుడు గానీ ఈ పరిచయాలు తగ్గలేదు.

ఫోన్ ఆటల్లో స్కిప్ ఉండదు, తెల్ల చెయ్యి ఉంటుంది. తెరంతా చీకటి చేసి, ఒకే ఒక్క బటన్ మీద వెలుగు పెట్టి, ఆ చెయ్యి ఇక్కడ నొక్కు, ఇక్కడే నొక్కు అని పొడుస్తుంటుంది. ఇంకెక్కడ నొక్కినా ఉలకదు. నేర్పేది కూడా గుడిసె కట్టడం కాదు, గుడిసె తొందరగా లేవడానికి ఆటలో డబ్బుల్లా చెల్లే జెమ్స్ ఖర్చుపెట్టడం. మొదటిసారి ఉచితంగా ఇచ్చిన జెమ్స్‌తోనే ఆ బటన్ నొక్కిస్తారు, రెండోసారి వేలు దానంతటదే వెళ్తుందని. ఈ గొడవ మధ్యలో పేరు అడిగే డబ్బా వస్తుంది. టపటపా కొట్టే ఊపులో మనవాడి పేరు 'జజజజ' అని ఖాయమైపోతుంది. 'క్లాష్ ఆఫ్ క్లాన్స్' లాంటివాటిలో పేరు మార్చుకోవడం ఒకసారి ఉచితం, తర్వాత జెమ్స్ కట్టాల్సిందే. ఆ ఉచితాన్ని తమ్ముడు వాడేస్తే ఇక జన్మంతా జజజజ గారే.

ఇంత బాధ లేకుండా నేర్పినవాళ్ళు లేకపోలేదు. 1985 నాటి 'సూపర్ మారియో'లో మొదటి పుట్టగొడుగు పెట్టెలోంచి కుడివైపుకి జారి, పైపుకి తగిలి, మారియో వైపే తిరిగొస్తుంది. తప్పించుకుందామన్నా తగులుతుంది, తగిలితే మారియో పెద్దవాడవుతాడు, పుట్టగొడుగు మంచిదని తెలిసిపోతుంది. ఒక్క అక్షరం లేదు. 2009లో వచ్చిన 'ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్' మొదటి మెట్టులో పెరడంతా ఎండి, మధ్యలో ఒక్క వరసలోనే గడ్డి ఉంటుంది. మొక్క ఒక్కటే, జాంబీల మీదికి బఠాణీలు విసిరే పీషూటర్. తప్పు చేద్దామన్నా చోటు లేదు. రెండో మెట్టుకి మూడు వరసలు, నాలుగో మెట్టుకి అయిదు. దాన్ని తయారుచేసిన జార్జ్ ఫాన్, వాళ్ళమ్మ కూడా ఆడేలా ఎలా నేర్పాడో 2012లో ఓ సభలో చెప్పాడు. అందులో ఒక సూత్రం, తెర మీద ఒకసారికి ఎనిమిది మాటలు దాటకూడదని. మన బాబాయిలకి అయిదు చాలు.

అలాగని పాఠాన్ని పక్కన పెట్టి, కావలసినవాళ్ళే చూసుకోండి అంటే అదీ తంటానే. 2022లో వచ్చిన 'ఎల్డెన్ రింగ్'లో మొదట కళ్ళు తెరిచే గుహలో ఓ గొయ్యి ఉంటుంది. పక్కనే ఓ దయ్యం కూర్చుని దూకమంటుంది. దూకితే కింద కొట్టడం, తప్పుకోవడం, కాచుకోవడం అన్నీ నేర్పుతారు. దయ్యం దూకమంటే దూకుతామా? మర్యాదస్తులందరూ గొయ్యి పక్కనుంచి తిన్నగా బయటికి నడిచారు. బయట గుర్రం మీద బంగారు కవచం తొడుక్కున్న ఆసామి ఒకడు పచార్లు చేస్తుంటాడు. దారి అడుగుదామని దగ్గరికెళ్ళిన వాళ్ళు ఏమయ్యారో చెప్పక్కర్లేదు. ఆ తర్వాత అప్‌డేట్‌లో గొయ్యి దగ్గర ఇదే ట్యుటోరియల్ అని తెర మీద రాయాల్సి వచ్చింది.

అందుకని స్కిప్ ఉండాలా వద్దా అన్న తగవులో ఉండాలి అన్నవాళ్ళ వైపే మొగ్గాలి, కాకపోతే దాటేసిన పాఠం పాజ్ మెనూలో ఎప్పటికీ దొరకాలి. 1998 నాటి 'హాఫ్-లైఫ్'లో శిక్షణ మెయిన్ మెనూలో విడిగా ఉండేది, ఆట మధ్యలో ఉన్నా వెళ్ళి చూసి రావచ్చు. చాలా కొత్త ఆటల్లో అది కూడా లేదు, 'కంట్రోల్స్' అన్న పేజీ ఉంటుంది. కంట్రోలర్ బొమ్మ, దానికి పద్నాలుగు గీతలు, ఒక గీత చివర 'యాక్షన్ 2' అని. యాక్షన్ 2 అంటే ఏంటో తెలిస్తే ఈ పేజీకి ఎందుకొస్తాం?

అసలు ఇల్లు మునిగేది ఇక్కడే. పరీక్షలని రెండు నెలలు ఆట కట్టేసిన పిల్లాడు తిరిగొచ్చేసరికి సేవ్, అంటే ఆట ఆపి దాచుకున్న చోటు, తిన్నగా పెద్ద రాక్షసుడి గుమ్మంలో ఉంటుంది. చేతిలో పాతిక విద్యలు, ఏది ఏ బటనో గుర్తులేదు. పాఠం ఇంకోసారి చూద్దామని 'న్యూ గేమ్' కొడతాడు. దానంతటదే దాచుకునే ఆటోసేవ్‌కి ఒకే గది ఉన్న ఆటైతే, మొదటి మలుపు తిరగ్గానే మూలన చిన్న చక్రం గిరగిరా తిరుగుతుంది. నలభై గంటల కష్టం ఆ చక్రం కింద పడి పోతుంది. పోకెమాన్ పాత ఆటల్లో సేవ్ ఒక్కటే, కొత్తాట మొదలుపెట్టి సేవ్ చేస్తే పాతది పోయినట్టే.

కాబట్టి న్యూ గేమ్ కొట్టే ముందు కన్సోల్‌లో కొత్త యూజర్‌ని చేసుకోండి. సేవ్‌లు యూజర్ వారీగా విడివిడిగా ఉంటాయి, అన్న నలభై గంటల జోలికి తమ్ముడి పాఠం పోదు. పీఎస్4లో (ప్లేస్టేషన్ 4) అయితే సేవ్‌ని యూఎస్‌బీలోకి కాపీ చేసి పెట్టుకోవచ్చు. పీఎస్5 ఆటల సేవ్‌లకి ఆ వీలు లేదు, ఇంటర్నెట్‌లో దాచే క్లౌడ్ కావాలి, దానికి చందా. పీఎస్4లో గెస్ట్‌గా కూడా లాగిన్ అవ్వచ్చు, లాగౌట్ అవ్వగానే చేసిందంతా చెరిగిపోతుంది, పండక్కి వచ్చిన వాళ్ళకి అదే మేలు. పాఠం అయ్యాక కొత్త యూజర్‌ని తీసేసేటప్పుడు పేరు ఒకటికి రెండుసార్లు చదవండి. యూజర్‌తో పాటు వాళ్ళ సేవ్‌లూ పోతాయి. యూజర్ పేరు పక్కనుండే బొమ్మలు మార్చుకోకపోతే అన్నదీ తమ్ముడిదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.